కొత్తగా తెచ్చిన పిల్లిపిల్లకి ఒంట్లో బాగాలేదని ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ. నాలుగు రోజుల కిందట మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు కింద దొరికిన పిల్లిపిల్లని ఇంటికి తెచ్చుకున్నారు. నెలన్నర వయసు ఉండొచ్చు అనుకుంటున్నారు. మొదటి రెండు రోజులు గిన్నె మెరిసేదాకా నాకి తింది. నిన్నటి నుంచి తుమ్ములు, ఎడమ కంటికి పుసులు, తిండి సగానికి పడిపోయింది, ఎప్పుడు చూసినా పడుకునే ఉంటోంది. మీ అమ్మగారు "కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది, రెండు రోజులు చూద్దాం" అంటున్నారు. జబ్బా, బెంగా అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను అమ్మా. ఇది బెంగ కాదు, జబ్బే. ఇవాళే డాక్టర్‌కి చూపించండి. బెంగ పెట్టుకున్న పిల్ల మొదటి రోజు మంచం కింద దూరి ముద్ద ముట్టదు. రెండో రోజు రాత్రి అందరూ పడుకున్నాక వచ్చి కాస్త తింటుంది. మూడో రోజుకి మీ కాళ్ల మధ్య తిరుగుతుంది. మీ పిల్ల ముందు బాగా తిని, ఆడి, తర్వాత తగ్గింది. బెంగకి ఈ వరుస ఉండదు. వీధిలో అంటుకున్న జబ్బులు చాలావరకు రెండు నుంచి పది రోజుల్లో బయటపడతాయి. అందుకే కొత్త పిల్లని తెచ్చిన మొదటి రెండు వారాలు ఒళ్లంతా కళ్లు చేసుకుని చూడాలి.

నేను డాక్టర్‌ని కాదు. విజయవాడలో పదిహేనేళ్లుగా తల్లి లేని పిల్లిపిల్లల్ని ఇంట్లో ఉంచి, పెంచి, కావాలన్న ఇళ్లకి ఇస్తున్నాను. చాలా బతికాయి. కొన్ని నా ఒళ్లోనే పోయాయి. పోయినవాటిని తలుచుకున్న ప్రతిసారీ ఒకటే గుర్తొస్తుంది. ముందు రోజే ఏదో తేడా నా కంట్లో పడింది, నేనే ఏదో కారణం చెప్పి సర్దుకున్నాను. వాన వల్లేమో అనుకున్నాను, నిద్రొచ్చిందేమో అనుకున్నాను. మీరు నిన్నటికీ ఇవాళ్టికీ తేడా గమనించి అడిగారు చూడండి, పిల్లిపిల్ల విషయంలో అసలు కావాల్సింది అదే.

పిల్లి నొప్పిని బయటపెట్టే జంతువు కాదు. కుక్కపిల్లకి బాగాలేకపోతే మూలుగుతుంది, మన దగ్గరికి వస్తుంది. పిల్లి ఓ మూలకి పోయి కాళ్లు నాలుగూ ఒంటి కిందకి ముడుచుకుని, వీపు గూనిగా పెట్టి, కళ్లు సగం మూసి కూర్చుంటుంది. చూసేవాళ్లకి హాయిగా కునుకు తీస్తున్నట్టే ఉంటుంది. ఎత్తుకుంటే గురగురమని శబ్దం కూడా చేస్తుంది. ఆ గురగుర వినగానే సంతోషంగా ఉందనుకుంటాం. ప్రాణం మీదికి వచ్చిన పిల్లి కూడా గురగురలాడుతుంది, నేను స్వయంగా విన్నాను. కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది రోజూ చేసే పనుల్లో ఇవాళ ఏది మానేసిందో చూడండి. మీ అడుగుల చప్పుడుకి లేచేదా? లేచాక ముందు కాళ్లు చాపి ఒళ్లు విరుచుకునేదా? తిన్నాక మూతి, పాదాలు నాక్కునేదా? ఒళ్లు నాక్కోవడం మానేసిన పిల్ల బొచ్చు రెండో రోజుకే ముళ్లలా నిలబడి, మురికి పట్టినట్టు కనిపిస్తుంది. లోపల ఏదో నడుస్తోందని అర్థం.

పిల్లని తెచ్చిన రోజే ఒక పని చేయమని అందరికీ చెప్తాను. వంటింట్లో పిండి తూచుకునే డిజిటల్ త్రాసు ఉంటే దాని మీద ఓ గిన్నె పెట్టి, పిల్లని అందులో కూర్చోబెట్టి రోజూ ఒకే వేళకి తూచండి, పొద్దున్నే తిండి పెట్టకముందైతే మంచిది. క్యాలెండర్ మీద అంకె రాయండి. పుట్టినప్పుడు 100 గ్రాములు అటూ ఇటూగా ఉండే పిల్ల, నెల నిండేసరికి సుమారు 450 గ్రాములు, రెండు నెలలకి 900 దగ్గరికి వస్తుంది. అంటే రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. వీధిలో దొరికినవి కాస్త వెనకబడి ఉంటాయి, ఫర్వాలేదు, అంకె పైకి వెళ్తుంటే చాలు. ఒక రోజు ఆగిపోతే కన్నేసి ఉంచాలి. రెండో రోజు కూడా పెరగకపోయినా, ఒక్క రోజైనా తగ్గినా డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. మన కళ్లకి పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించే రోజునే త్రాసు నిజం చెప్పేస్తుంది. నా దగ్గర ఓ గోధుమరంగు పిల్ల బంతితో ఆడుతూనే 40 గ్రాములు తగ్గింది. విరేచనం పరీక్ష చేయిస్తే కడుపునిండా ఏలికపాములని తేలింది.

తిండి గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి. పెద్ద పిల్లి ఒక పూట తినకపోతే తట్టుకుంటుంది. 600 గ్రాముల పిల్లకి ఒంట్లో నిల్వ అంటూ ఏమీ ఉండదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోతే రక్తంలో చక్కెర పడిపోయి, తూలి, మెడ వాల్చేస్తుంది. నెల లోపు పిల్లలైతే అంతసేపు కూడా ఆగవు. జలుబు చేసినప్పుడు తినకపోవడానికి ఒక కారణం ఉంది. పిల్లి వాసన చూసి తింటుంది. ముక్కు మూసుకుపోతే గిన్నెలో ఏముందో దానికి తెలియదు, ఆకలి ఉన్నా పక్కకి తిరిగిపోతుంది. నూలుబట్ట గోరువెచ్చని నీళ్లలో తడిపి ముక్కు దగ్గర ఎండిన చీమిడి మెత్తబరచి తుడవండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏమీ వేయకుండా ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి, వేలికి వెచ్చగా తగిలేలా పెట్టండి. వేడికి వాసన లేస్తుంది. వేలి చివర కొంచెం తీసుకుని పై పెదవికి రాస్తే నాకుతుంది, ఒకసారి రుచి తగిలాక చాలాసార్లు గిన్నె వైపు తిరుగుతుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలనే పాడు చేస్తాయి, కాబట్టి మన కూరలో ముక్క కడిగి పెట్టడం కూడా వద్దు.

ముక్కు మాత్రమే కాదు, నోరు కూడా చూడాలి. జలుబు తెచ్చే వైరస్‌లలో ఒక రకం నాలుక మీద పుండ్లు వేస్తుంది. అలాంటప్పుడు పిల్ల ఆత్రంగా గిన్నె దగ్గరికి వస్తుంది, ఒక్కసారి నాకి, తల విదిలించి వెనక్కి పోతుంది, చొంగ కారుతుంది. నొప్పికి మందు పడితే గానీ తినదు.

పిల్ల తూలుతూ నీరసంగా ఉంటే దాని పాదాలు, చెవులు, వీలైతే నోటి లోపల వేలితో తాకి చూడండి. చల్లగా ఉంటే ముందు వెచ్చబరచాలి, తర్వాతే తిండి. ఒళ్లు చల్లబడ్డ పిల్లకి పాలు పడితే జీర్ణం కావు, పొలమారే ప్రమాదం కూడా. వేడినీళ్లు పోసిన సీసాకి తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి, కాలకుండా చూసుకోండి, కాస్త దూరం జరగడానికి దానికి చోటు వదలండి. తేనె గానీ చక్కెర పాకం గానీ వేలి చివర ఒక్క బొట్టు తీసుకుని చిగుళ్లకి రాయండి. నోట్లో పోయకండి. ఇది డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు దారి ఖర్చు లాంటిది, వైద్యం అక్కడికి వెళ్లాకే.

ఇప్పుడు చిగుళ్లు. పై పెదవి మెల్లగా ఎత్తితే ఆరోగ్యంగా ఉన్న పిల్ల చిగురు లేత గులాబీ రంగులో తడిగా మెరుస్తుంది. వేలితో అదిమి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపే మళ్లీ రంగు రావాలి. వేలికి జిగురుగా, పొడిగా తగిలితే ఒంట్లో నీళ్లు తగ్గాయి. మెడ వెనక చర్మం పట్టి వదిలితే ఎంతసేపటికి సర్దుకుంటుందో చూడమంటారు గానీ, చిన్నపిల్లల్లో అది అంత నమ్మకమైన గుర్తు కాదు. నేను చిగుళ్లనే చూస్తాను. పాలిపోయి కాగితంలా ఉంటే రక్తం తక్కువగా ఉంది. వీధిపిల్లల్లో దీనికి పెద్ద కారణం ఒంటి మీద ఫ్లీస్, మనవాళ్లు పేలు అనేస్తారు. అవి పెద్ద పిల్లికి దురదే పెడతాయి, అరకిలో పిల్లకి మాత్రం ప్రాణం తీసేంత రక్తం తాగేస్తాయి. అనుమానం ఉంటే ఇంట్లో పేలదువ్వెన ఉంటుంది కదా, దానితో తోక మొదలు దగ్గర, మెడ కింద దువ్వండి. నల్లటి రవ్వలు రాలితే తడిపిన తెల్లగుడ్డ మీద వేసి నలపండి. తుప్పురంగు ఎరుపు దిగితే అది దుమ్ము కాదు, ఫ్లీస్ విసర్జించిన రక్తం. దువ్విన దువ్వెన సబ్బునీళ్లలో ముంచుతూ పోవడమే ఈ వయసుకి మంచి మార్గం. చుక్కల మందు ఏది, ఎంత అన్నది పిల్ల బరువు చూసి డాక్టరే చెప్పాలి.

చిగుళ్లు పసుపురంగులో ఉన్నా, నీలంగా ఉన్నా, గోధుమ రంగుకి తిరిగినా ఇక చూస్తూ కూర్చోవద్దు, బయల్దేరాలి.

ఊపిరి లెక్కపెట్టడం తేలిక. పిల్ల గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, డొక్క పైకి లేచి దిగితే ఒకటి అని అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి ఇరవై, ముప్ఫై మధ్య ఉంటే బాగానే ఉన్నట్టు. నిద్రలో కూడా నలభై దాటుతూ ఉంటే, డొక్కలు ఎగరేస్తూ ఉంటే, మోచేతులు బయటికి పెట్టి మెడ చాపి కూర్చుంటే జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగిందని అనుమానించాలి. నోరు తెరిచి రొప్పడం కుక్కకి మామూలే, పిల్లికి కాదు. బాగా పరుగెత్తి ఆడాక ఓ నిమిషం రొప్పి ఆపేస్తే సరే. ఊరికే కూర్చుని నోరు తెరిచి ఊపిరి తీస్తే అర్ధరాత్రైనా సరే తీసుకెళ్లాల్సిందే.

ఇక నేను మరిచిపోలేని సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట వానాకాలంలో ముగ్గురు అన్నదమ్ముల్లాంటి పిల్లలు వచ్చాయి, రెండు నెలలవి. వచ్చిన ఐదో రోజు సాయంత్రం అందులో నల్లమచ్చల పిల్ల నీళ్ల గిన్నె దగ్గర కూర్చుంది. గడ్డం గిన్నె అంచుకి ఆనించి, నీళ్లకేసి చూస్తూ ఉంది, తాగట్లేదు. పది నిమిషాల తర్వాత వెళ్లి చూశాను, అలాగే ఉంది. ముద్దుగా ఉందని ఫోటో తీశాను. రాత్రి పసుపు నురగ వాంతి చేసుకుంది. పొద్దున్నకి విరేచనాలు, ముక్కు పొడిచే దుర్వాసన. డాక్టర్ రక్తపరీక్ష చేసి తెల్లకణాలు అడుగంటాయని చెప్పారు. అది పాన్‌ల్యూకోపీనియా, పేగుల్నీ తెల్లకణాల్నీ దెబ్బతీసే వైరస్ జబ్బు. పిల్లుల పార్వో అని కూడా అంటారు. మూడింటిలో ఒక్కటే మిగిలింది. నీళ్ల దగ్గర కూర్చుని తాగలేకపోవడం ఆ జబ్బులో కనిపించే గుర్తని డాక్టర్ ఆ రోజే చెప్పారు. దాహం ఉంటుంది, వికారం వల్ల మింగలేదు. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. కొత్తగా పిల్లని తీసుకెళ్లేవాళ్లకి చూపిస్తాను.

ఈ జబ్బుకి వైరస్‌ని నేరుగా చంపే మందు లేదు. సెలైన్, వాంతులు ఆపే మందులు, మీద పడే బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్, వెచ్చదనం, నెమ్మదిగా తిండి, వీటితోనే పిల్ల తట్టుకోవాలి. ఎన్ని గంటలు ముందు తీసుకెళ్లామన్నదాని మీదే ఆశ ఉంటుంది. పిల్లుల కిట్ లేని క్లినిక్‌లో కుక్కల పార్వో కిట్‌తోనే విరేచనం పరీక్ష చేస్తారు, అది చాలావరకు పనికొస్తుంది, కాబట్టి అడగడానికి మొహమాటపడకండి. ఈ వైరస్ ఇంట్లో నేల మీద, గుడ్డల్లో ఏడాదిదాకా బతకగలదు. సబ్బుకి, మామూలు ఫినాయిల్‌కి, చేతులకి రాసుకునే శానిటైజర్‌కి చావదు. ముందు మురికంతా కడిగి, ఒక వంతు ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్‌కి 32 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత మంచినీళ్లతో తుడవాలి. మీ ఇంట్లో గానీ, మీ కంటే ముందు ఆ పిల్ల ఉన్నచోట గానీ ఈ మధ్య ఏదైనా పిల్లిపిల్ల వాంతులతో పోయి ఉంటే ఆ మాట డాక్టర్‌తో మొదటే చెప్పండి. ఇంట్లో వేరే పిల్లి ఉంటే కొత్త పిల్లని రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి.

ప్రతి విరేచనమూ పార్వో కాదు. మనవాళ్లు పిల్లి అనగానే గిన్నెడు పాలు పెడతారు. ఆవుపాలలో ఉండే చక్కెర చాలా పిల్లులకి అరగదు, పల్చగా పోతాయి. తల్లి లేని నెల లోపు పిల్లలకి పిల్లిపిల్లల కోసమే చేసిన పాలపొడి దొరుకుతుంది, అదే పట్టాలి. పట్టేటప్పుడు పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు, బోర్లా ఉంచి తల కాస్త పైకెత్తాలి, లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నెలన్నర పిల్లకి పాలతో పనే లేదు. తిండి మార్చినప్పుడు ఒకటి రెండుసార్లు మెత్తగా పోయి, పిల్ల మాత్రం చురుగ్గా ఆడుతూ తింటుంటే ఒక రోజు చూడొచ్చు. నీళ్లలా పోయినా, రక్తం కనిపించినా, వాంతి తోడైనా, తినడం మానేసినా చూడొద్దు.

పక్కన మాట ఒకటి. శాకాహారం తినే ఇళ్లలో పిల్లికి పెరుగన్నం అలవాటు చేస్తారు. పిల్లి బతకడానికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసంలోనే ఉంటుంది, సరిపడా తయారుచేసుకునే శక్తి పిల్లి ఒంటికి లేదు. అది లేకపోతే నెలల మీద చూపు పోతుంది, గుండె బలహీనపడుతుంది. ఇంట్లో మాంసం వండడం ఇష్టం లేకపోతే ప్యాకెట్‌లో దొరికే పిల్లిపిల్లల తిండి పెట్టండి, అందులో టారిన్ కలిపే ఉంటుంది.

సన్నటి కాళ్లు, ఎండిన వీపు, కుండలా కడుపు ఉంటే ఏలికపాములు. వాంతిలో ఉడికించిన సేమియాలా కనిపిస్తాయి. తోక కింద బొచ్చుకి ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే బద్దెపురుగు. దానికి కారణం కూడా చాలాసార్లు ఆ ఫ్లీసే, నాక్కునేటప్పుడు మింగుతుంది. పురుగుల మందు రెండు వారాల వయసు నుంచే మొదలుపెట్టొచ్చు, బరువుని బట్టి డాక్టర్ ఇస్తారు. మనుషుల మాత్ర విరిచి వేయకండి. చెవిలో కాఫీపొడిలాంటి నల్లటి మురికి ఉండి గోక్కుంటుంటే చెవి పురుగులు. గుండ్రంగా బొచ్చు ఊడి, పొట్టు రాలుతుంటే తామర, అది మీకూ, ఇంట్లో పిల్లలకీ అంటుకుంటుంది. పిల్ల బాగా తింటూ, బరువు తగ్గకుండా ఉంటే ఇవి వెంటనే ప్రాణం మీదికి వచ్చేవి కావు, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

మీ పిల్ల కంటి విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి, ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవండి, ఒక్కో కంటికి వేరే దూది. పసుపు నీళ్లు, కాటుక, తేనె ఏవీ పెట్టకండి. మందుల షాపులో అడిగి కంటి చుక్కలు అస్సలు తేవద్దు. వాటిలో చాలా రకాల్లో స్టెరాయిడ్ ఉంటుంది. పిల్లికి జలుబు తెచ్చే హెర్పిస్ వైరస్ కంటి నల్లగుడ్డు మీద పుండు వేస్తుంది. ఆ పుండు మీద స్టెరాయిడ్ పడితే కన్నే పోవచ్చు. డాక్టర్ పచ్చటి రంగు చుక్క వేసి చూసి పుండు ఉందో లేదో చెప్తారు. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర సగం దాకా కప్పేస్తే, రెండు కళ్లకీ అలా ఉంటే, అది కంటి జబ్బు కాకుండా ఒంట్లో జబ్బుకి గుర్తు కావచ్చు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇంకా గట్టిగా చెప్తాను. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేయకండి. చంటిపిల్లల సిరప్ అయినా సరే. మా వీధి చివర ఇంట్లో ప్రేమకొద్దీ ఒక మూత పట్టారు. నా దగ్గరికి తెచ్చేసరికి దాని మొహం ఉబ్బి, చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరిగాయి. ఆ మందుని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి వస్తుంది. ఒక్క మాత్రకే పెద్ద పిల్లి కూడా పోవచ్చు. పొరపాటున పడితే గుర్తులు కనిపించేదాకా ఆగకండి, వెంటనే తీసుకెళ్తే విరుగుడు ఉంది. కుక్కలకి వాడే గోమార్ల చుక్కల్లో, పొడుల్లో పర్మెత్రిన్ ఉంటే అది పిల్లికి విషం, వణుకు పుట్టి ఫిట్స్ వస్తాయి. జలుబు కదా అని కర్పూరం, నీలగిరి తైలం, బామ్‌లు దగ్గర పెట్టొద్దు. ఫినాయిల్ వేసి తుడిచిన తడినేల మీద నడిచి పాదాలు నాక్కున్నా ప్రమాదమే. బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా అంతే.

మన ఇళ్లలో ఎవరూ అనుమానించనిది పూలదండ దారం. పిల్లిపిల్లకి అది ఆట. మింగితే ఒక చివర నాలుక కింద చుట్టుకుని, రెండో చివర పేగుల్లోకి పోయి, పేగుని కుచ్చులా ముడుస్తుంది. సంక్రాంతి రోజుల్లో మాంజా ముక్కలతోనూ ఇదే. వాంతులు చేసుకుంటూ తినని పిల్ల నాలుక కింద ఒకసారి చూడండి. నోటి నుంచి గానీ వెనక నుంచి గానీ దారం కనిపిస్తే లాగకండి, లాగితే పేగు తెగుతుంది. అలాగే తీసుకెళ్లండి.

భయపడక్కర్లేనివి కూడా చెప్పాలి, లేకపోతే మీకు నిద్ర పట్టదు. పిల్లిపిల్ల రోజుకి పద్దెనిమిది, ఇరవై గంటలు నిద్రపోతుంది. నిద్రలో మీసాలు, పాదాలు అదురుతాయి. రాత్రి పదకొండుకి పిచ్చిపట్టినట్టు ఇల్లంతా పరుగెడుతుంది. తిన్న తర్వాత ఎక్కిళ్లు వస్తాయి. దుమ్ము లేచినప్పుడు ఒకటి రెండు తుమ్ములు తుమ్ముతుంది. మూడున్నర, నాలుగు నెలలప్పుడు పాలపళ్లు ఊడి బియ్యపు నూకలా నేల మీద దొరుకుతాయి. వీటిలో ఏదీ జబ్బు కాదు. ఎక్కువ నిద్రా, నీరసమా అని తేల్చుకోవాలంటే లేచాక చూడండి. నిద్రపోయిన పిల్ల లేచి ఒళ్లు విరుచుకుని మీ కాలిబొటనవేలి మీదికి దూకుతుంది. నీరసంగా ఉన్నది కళ్లు తెరిచి, మిమ్మల్ని చూసి, మళ్లీ మూస్తుంది.

జ్వరం చూడాలంటే పిల్లికి మలద్వారంలోనే చూడాలి. కొబ్బరినూనె రాసిన డిజిటల్ థర్మామీటర్ కొన మాత్రం పెట్టాలి. ఈ వయసుకి 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు. మనకి జ్వరమనిపించే అంకె దానికి ఆరోగ్యం. 103 దాటినా, 99 కంటే తగ్గినా చెప్పుకోవాల్సిన విషయమే. అలవాటు లేకపోతే వదిలేయండి, డాక్టర్ చూస్తారు.

మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ప్రైవేటు క్లినిక్‌లకి కొదవ లేదు. ఖర్చు కష్టమైతే నారాయణగూడలో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇటువైపు వాళ్లకి గన్నవరం, తిరుపతి కాలేజీలు. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. మూత ఉన్న బుట్టలో పాత తువ్వాలు వేసి, దాని మీద ఇంకో గుడ్డ కప్పి తీసుకెళ్లండి. క్లినిక్‌లో నేల మీద దించొద్దు, కుక్కల పక్కన కూర్చోవద్దు. ఆ రోజు విరేచనం కొంచెం చిన్న డబ్బాలో తీసుకెళ్లండి. తుమ్ముతున్నప్పుడు, ఊపిరి తీస్తున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసి ఉంచండి, డాక్టర్ ముందు పిల్ల భయంతో బిగుసుకుపోయి ఏమీ చూపించదు. చివరిసారి ఎప్పుడు తింది, ఎంత తింది, మూత్రం ఎప్పుడు పోసింది, ఇంట్లో ఏం పెట్టారు, ఏ మందైనా వేశారా, అన్నీ దాచకుండా చెప్పండి. జబ్బుగా ఉన్నప్పుడు టీకా వేయించొద్దు. కోలుకున్నాక, ఎనిమిది వారాల వయసుకి మొదటి త్రీ-ఇన్-వన్ టీకా (పార్వోకీ, జలుబు తెచ్చే రెండు వైరస్‌లకీ కలిపి ఒకటే), తర్వాత మూడు, నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా. పన్నెండు వారాల తర్వాత రేబీస్ టీకా.

రేబీస్ అంటే గుర్తొచ్చింది. వీధి నుంచి తెచ్చిన పిల్ల మిమ్మల్ని కరిచినా, రక్తం వచ్చేలా గీరినా, చిన్నదే కదా అనుకోవద్దు. సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి.

ఈ రాత్రికి మీరు చేయాల్సింది: డాక్టర్ దగ్గర నుంచి రాగానే పిల్లని ఒక చిన్న గదిలో పెట్టండి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా. స్నానాల గదిలో వేడినీళ్లు వదిలి ఆవిరి పట్టాక, అందులో ఏమీ కలపకుండా, పిల్లని ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు కూర్చోండి, ముక్కు వదులవుతుంది. ఆ వెంటనే వెచ్చటి తిండి పెట్టండి. మూడు గంటలకోసారి అలారం పెట్టుకుని కొంచెం కొంచెం తినిపించండి, రాత్రి కూడా. మీ అమ్మగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, ఇద్దరైతే ఒకరు పట్టుకుంటే ఒకరు తినిపించొచ్చు. ఇప్పుడే ఒకసారి తూచండి, రేపు పొద్దున్న మళ్లీ తూచండి. ఆ రెండు అంకెలూ, డాక్టర్ ఏమన్నారో నాకు రాయండి.